ఆకాశానికి రాజు – చిత్రకారుడు యూజీన్ బూడిన్

ఒక మనిషి గొప్పతనాన్ని ఆయన చేసిన పనినిబట్టి కొలవాలా, ఆయన చేతిలో తయారైన మనుషులనుబట్టి కొలవాలా? పిల్లలకు పాఠం చెప్పినవారికీ, కొత్తగా చేరిన గుమాస్తాకు ఫైలు రాయడం నేర్పినవారికీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మన చేతికింద పని నేర్చుకున్న కుర్రవాడు మనకంటే పై మెట్టు ఎక్కి, ఊరంతా అతని పేరే చెప్పుకుంటూ ఉంటే మన మనసు ఎలా ఉండాలి? పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో జీవించిన యూజీన్ బూడిన్ అనే చిత్రకారుని జీవితం ఈ ప్రశ్నకు చక్కని సమాధానం. ఆయన శిష్యుడు క్లాడ్ మోనే పేరు నేడు ప్రపంచమంతటా తెలుసు. గురువు పేరు తెలిసినవారు తక్కువ. అయినా ఆ గురువు గీసిన సముద్రతీర చిత్రాల ముందు ఒక్క ఐదు నిమిషాలు నిలబడినవారు ఆయనను మరచిపోలేరు.

రేవు పట్టణంలో బాల్యం

బూడిన్ 1824 జూలై 12వ తేదీన ఫ్రాన్సు ఉత్తర తీరంలోని నార్మండీ ప్రాంతంలో, ఒన్‌ఫ్లూర్ అనే చిన్న రేవు పట్టణంలో జన్మించారు. పారిస్ నగరం మీదుగా వచ్చే సీన్ నది సముద్రంలో కలిసేచోట ఒక ఒడ్డున ఒన్‌ఫ్లూర్, ఎదుటి ఒడ్డున లె హావ్ర్ అనే పెద్ద రేవు ఉన్నాయి. ఈ రెండు ఒడ్ల మధ్య నీటిమీదనే ఆయన బాల్యం గడిచింది.

తండ్రి నావికుడు. కలిగిన కుటుంబం కాదు. అందుచేత కుర్రవాడు చిన్న వయసులోనే తండ్రి పనిచేసే పడవమీద చిల్లర పనులకు కుదిరాడు. తాళ్ళు లాగడం, బల్లలు కడగడం వంటివే ఆ పనులు. బడి చదువు పెద్దగా సాగలేదు. కాని బడిలో దొరకని చదువు ఒకటి పడవమీద దొరికింది. నావికుని కొడుక్కి ఆకాశం కాలక్షేపానికి చూసే వస్తువు కాదు. మబ్బు ఏ వైపు నుంచి వస్తున్నది, గాలి ఎటు తిరిగింది, వాన ఎంతసేపట్లో పడుతుంది అన్నవి తెలియకపోతే పడవకే ముప్పు. తరువాతి కాలంలో లోకం మెచ్చుకున్న ఆయన ఆకాశాలకు పునాది ఆ పడవమీదనే పడింది.

1835లో ఆ కుటుంబం ఒన్‌ఫ్లూర్ విడిచి ఎదుటి ఒడ్డున ఉన్న లె హావ్ర్‌కు మారింది. అక్కడ బూడిన్ కాగితాలు, కలాలు, బొమ్మల ఫ్రేములు అమ్మే దుకాణంలో సహాయకుడుగా చేరాడు.

ఫ్రేముల కొట్టు

ఇరవయ్యో ఏట, అంటే 1844లో, ఒక భాగస్వామితో కలిసి ఆయన సొంతంగా చిన్న దుకాణం తెరిచారు. కాగితాలు, రంగులు అమ్మడం, బొమ్మలకు చట్రాలు కట్టడం వ్యాపారం. వేసవిలో సముద్రతీర దృశ్యాలు గీయడానికి పారిస్ నుంచి వచ్చే చిత్రకారులు రంగుల కోసం, ఫ్రేముల కోసం ఆ కొట్టుకు వచ్చేవారు. యూజీన్ ఇసాబే, త్రోయాన్, మిలే వంటి పేరున్నవారి పరిచయం ఆయనకు అలా కలిగింది. వారి చిత్రాలు కొట్టు అద్దాల వెనుక అమ్మకానికి పెట్టేవారు.

రోజూ ఇతరుల బొమ్మలకు చట్రాలు కడుతున్న యువకుడికి తానూ గీయాలన్న కోరిక పుట్టింది. తీరిక దొరికినప్పుడల్లా గీసిన బొమ్మలను బెరుకుబెరుకుగా మిలేకు చూపించారు. రైతుల బ్రతుకును చిత్రించి తరువాత ఎంతో పేరు పొందిన ఆ మిలే అప్పటికింకా కడుపు నిండని స్థితిలోనే ఉన్నారు. ఆయన తప్పులు దిద్దారు గాని, ఈ వృత్తిలో దిగితే తిండికి కష్టమన్న సంగతి దాచలేదు.

అయినా బూడిన్ వెనక్కి తగ్గలేదు. 1846లో, 22వ ఏట, నడుస్తున్న వ్యాపారాన్ని వదిలి పూర్తిగా చిత్రకళకే అంకితమయ్యారు. ఇంట్లో ఆస్తి లేదు, చేతిలో సొమ్ము లేదు, చదువు లేదు. స్థిరమైన రాబడి వదులుకోవడం ఎంత కష్టమో నెల జీతంతో సంసారం ఈదినవారికి వేరే చెప్పనక్కరలేదు.

పట్టణం ఇచ్చిన వేతనం

1851లో లె హావ్ర్ పురపాలక సంఘం ఆయనకు పారిస్‌లో మూడేళ్ళు చిత్రకళ అభ్యసించడానికి వేతనం మంజూరు చేసింది. ఊరివారి ఆశ ఏమిటంటే, తమ కుర్రవాడు రాజధానిలో పెద్దల దగ్గర నేర్చుకుని పురాణ కథలో, యుద్ధ దృశ్యాలో పెద్ద పెద్ద కాన్వాసులమీద గీసుకుని వస్తాడని. ఆ రోజుల్లో గౌరవం అంతా అటువంటి చిత్రాలకే ఉండేది. చెట్టూ, చేమా, సముద్రమూ గీసేవారిది కింది వరుస.

బూడిన్ పారిస్ వెళ్ళారు. లూవ్ర్ ప్రదర్శనశాలలో పాతకాలపు చిత్రాలకు నకళ్ళు తీశారు. డచ్చి చిత్రకారులు రెండు వందల ఏళ్ళ కిందట గీసిన విశాలమైన ఆకాశాలను శ్రద్ధగా పరిశీలించారు. కాని మనసు మాత్రం నార్మండీ ఒడ్డునే ఉండేది. వీలు చిక్కినప్పుడల్లా తిరిగివచ్చి రేవుల్లో, ఇసుకలో కూర్చుని గీసేవారు. మూడేళ్ళు గడిచేసరికి ఊరివారు ఎదురుచూసిన పెద్ద చిత్రాలు రాలేదు. చిన్న చిన్న పలకలమీద మబ్బులు, పడవలు మాత్రమే వచ్చాయి. వేతనం ఆగిపోయింది. ముప్పై ఏళ్ళ వయసులో ఆయన మళ్ళీ మొదటికి వచ్చారు.

ఆరుబయట ఎందుకు?

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. అప్పటివరకు ప్రకృతి దృశ్యాలు గీసేవారిలో ఎక్కువమంది బయట పెన్సిలుతో గుర్తులు వేసుకుని, ఇంటికి వచ్చి గదిలో కూర్చుని చిత్రం పూర్తిచేసేవారు. గదిలో వెలుతురు రోజంతా దాదాపు ఒకేలా ఉంటుంది. అందువల్ల అటువంటి చిత్రాలలో నీడలన్నీ గోధుమ రంగులో, ఆకాశం ఒక తెరలాగా కనిపించేవి.

రంగులు బయటికి మోసుకుపోవడం కూడా తేలిక కాదు. పొడులను నూనెలో నూరుకుని, పంది తిత్తుల సంచుల్లో కట్టుకుని తీసుకువెళ్ళాలి. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు గొట్టాలలో రంగులు నింపే పద్ధతి కనిపెట్టారు. మనం పళ్ళపొడి మానేసి పేస్టు గొట్టాలు వాడటం మొదలుపెట్టిన మార్పువంటిదే ఇది. మూత తిప్పి, కావలసినంత పిండుకుని, మళ్ళీ మూత బిగించవచ్చు. ఈ చిన్న వసతి చిత్రకారుణ్ణి గదినుంచి బయటికి తెచ్చింది.

బయటికి వచ్చాక కొత్త చిక్కు ఎదురైంది. సూర్యుడు ఆగడు, మబ్బు ఆగదు, సముద్రం ఆగదు. అరగంటలో రంగులన్నీ మారిపోతాయి. కనుక గబగబా గీయాలి. చిన్న కాన్వాసు, పొట్టి కుంచె దెబ్బలు, వివరాలకంటే మొత్తంమీద కలిగే భావానికి ప్రాధాన్యం, ఇవన్నీ ఆ అవసరం నుంచి పుట్టినవే. ప్రకృతిని ఎదురుగా చూస్తూ అక్కడికక్కడ వేసిన రెండు మూడు గీతల్లో ఉండే బలం, గదిలో రోజుల తరబడి మెరుగులు దిద్దినదానిలో ఉండదని బూడిన్ నమ్మకం. ఆ నమ్మకాన్నే ఆయన ఒక కుర్రవాడికి అందించారు.

బొమ్మల అల్లరి కుర్రవాడు

ఆ కుర్రవాడు క్లాడ్ మోనే. 1840లో పారిస్‌లో పుట్టి, లె హావ్ర్‌లో పెరిగాడు. పదహారు పదిహేడేళ్ళ వయసుకే ఊళ్ళోని పెద్దమనుషుల ముక్కులు, బొజ్జలు పెద్దవి చేసి వ్యంగ్య చిత్రాలు గీసి అమ్ముకుంటూ జేబు నింపుకునేవాడు. ఆ బొమ్మలను ఊళ్ళో ఒక ఫ్రేముల కొట్టు అద్దంలో పెట్టేవారు. ప్రక్కనే బూడిన్ గీసిన సముద్ర దృశ్యాలు కూడా ఉండేవి. మోనేకు అవి బొత్తిగా నచ్చేవి కావు. వాటిని గీసిన మనిషిని కలుసుకోమని కొట్టు యజమాని చెప్పినా తప్పించుకు తిరిగేవాడు.

ఒకనాడు అనుకోకుండా ఇద్దరూ కొట్టులోనే ఎదురుపడ్డారు. తనను ఎగతాళి చేసే కుర్రవాడని తెలిసి కూడా బూడిన్ ఆ వ్యంగ్య చిత్రాలను మెచ్చుకున్నారు. చేతిలో ఇంత నేర్పు ఉన్నవాడు ఇక్కడితో ఆగిపోకూడదని, తనతోపాటు బయటికి వచ్చి చెట్లను, నీళ్ళను, ఆకాశాన్ని గీయమని పిలిచారు. మోనే ఏవో సాకులు చెప్పి చాలాసార్లు తప్పించుకున్నాడు. బూడిన్ పిలవడం మానలేదు. చివరకు 1858 వేసవిలో మొహమాటానికి వెంట వెళ్ళాడు. గురువు పీట వేసుకుని, కాన్వాసు నిలబెట్టి పని మొదలుపెట్టారు. శిష్యుడు చూస్తూ నిలబడ్డాడు. కళ్ళకు కప్పిన పొర తొలగిపోయినట్టు అనిపించిందని, చిత్రకళ అంటే ఏమిటో ఆనాడే తెలిసిందని పెద్దవాడయ్యాక మోనే చెప్పుకున్నారు.

లె హావ్ర్ సమీపంలోని రూయెల్ పల్లె దృశ్యాన్ని మోనే ఆ వేసవిలోనే గీశారు. అదే ఏడు ఆ ఊరి ప్రదర్శనలో ఆ చిత్రాన్ని ఉంచారు. మరుసటి ఏడు ఆయన పారిస్ వెళ్ళారు. బూడిన్ తనకున్నదంతా ఇచ్చి పంపారు. ఆయన నేర్పింది కుంచె పట్టుకునే పద్ధతికంటే, చూసే పద్ధతి. కుర్రవాడి వయసు పదిహేడు, గురువు వయసు ముప్పై నాలుగు. అప్పటికి గురువు చిత్రం ఒక్కటి కూడా పారిస్ ప్రభుత్వ ప్రదర్శనలో చోటు చేసుకోలేదు.

మబ్బులకు తేదీలు

ఆ అవకాశం 1859లో వచ్చింది. పారిస్‌లో సలాన్ అనే పేరుతో జరిగే ప్రభుత్వ ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు అంగీకరించిన చిత్రాలే గోడకెక్కేవి. బ్రిటనీ ప్రాంతంలో సెయింట్ ఆన్ పేరిట జరిగే తిరునాళ్ళను చిత్రించిన బూడిన్ కాన్వాసును ఆ ఏడు స్వీకరించారు.

ఆ సంవత్సరమే ప్రసిద్ధ కవి బోదలేర్ ఆయన పనిని చూడటం తటస్థించింది. బోదలేర్ తల్లి ఒన్‌ఫ్లూర్‌లో ఉండేవారు. ఆమె దగ్గరకు వచ్చిన కవి బూడిన్ గదిలో ఆకాశాన్ని రంగు సుద్దలతో గీసిన వందలాది చిన్న చిత్రాలు చూశారు. ప్రతిదానిమీద తేదీ, వేళ, గాలి ఏ దిక్కునుంచి వీస్తున్నది అన్న వివరం రాసి ఉంది. ఓడల కప్తాను దినచర్య రాసుకున్నట్టుగా ఈయన మబ్బుల దినచర్య రాసుకున్నారన్నమాట. ఆ రాతను చేతితో మూసిపెట్టినా, ఏ ఋతువో, ఏ వేళో, ఏ గాలో బొమ్మనుబట్టి పోల్చుకోవచ్చునని బోదలేర్ ఆ ఏటి సలాన్ సమీక్షలో ప్రశంసించారు. మరొక పెద్ద చిత్రకారుడు కొరో ఆయనకు ఆకాశానికి రాజు అన్న బిరుదునిచ్చారు. ఆ పేరు ఆయనకు స్థిరపడిపోయింది.

బిరుదులైతే వచ్చాయిగాని రాబడి రాలేదు. 1863లో బూడిన్ బ్రిటనీకి చెందిన మరీ ఆన్ గెదెస్‌ను వివాహమాడారు. చలికాలం పారిస్‌లో చిన్న వాటాలో, వేసవి తీరప్రాంతంలో గడిపేవారు. ఇరవై ఆరేళ్ళపాటు ఆమె ఆ కష్టసుఖాలన్నీ పంచుకున్నారు.

ట్రూవిల్ ఇసుకలో మనుషులు

బోదలేర్ చూసిన ఆకాశపు చిత్రాలలో మనుషులు లేరు. 1862 ప్రాంతం నుంచి ఆయన చిత్రాలలోకి మనుషులు వచ్చారు. వారెవరు అన్నదే విశేషం.

ఒన్‌ఫ్లూర్‌కు కొద్ది దూరంలో ట్రూవిల్ అనే జాలరుల పల్లె ఉంది. సముద్ర స్నానం ఆరోగ్యానికి మంచిదని వైద్యులు చెప్పడంతో డబ్బున్నవారు అక్కడికి రావడం మొదలుపెట్టారు. ప్రక్కనే డోవిల్ అనే కొత్త పట్టణాన్ని చక్రవర్తి మూడవ నెపోలియన్‌కు సవతి సోదరుడైన మోర్నీ ప్రభువు కట్టించారు. 1863లో రైలు మార్గం వచ్చింది. పారిస్‌లో రైలెక్కినవారు అదే రోజు సముద్రపు ఒడ్డున దిగగలిగారు. మహారాణి యూజెనీ కూడా వచ్చారు. చూస్తుండగానే వలలు ఆరవేసుకునే ఇసుకమీద పట్టుబట్టల గొడుగులు విచ్చుకున్నాయి.

చిత్రకారులెవరూ పట్టించుకోని ఈ దృశ్యాన్ని బూడిన్ పట్టుకున్నారు. 1864లో గీసిన విలెర్‌విల్ తీరం చిత్రాన్ని ఉదాహరణగా చెప్పుకుందాం. ఇది అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎత్తు సుమారు 46 సెంటీమీటర్లు, వెడల్పు 76 సెంటీమీటర్లు. అంటే మన ఇంటి గోడమీద తగిలించుకోగలిగినంతే. సముద్రం, ఇసుక కలిపి చిత్రం అడుగుభాగంలో కొద్దిపాటి చోటుతో సరిపెట్టుకుంటాయి. తక్కినదంతా ఆకాశమే. పొద్దు వాలిన వేళ వెలుగు మబ్బుల మధ్య కరిగిపోతూ ఉంటుంది. కింద ఇసుకమీద గుంపులు గుంపులుగా జనం.

ఆయన తీర చిత్రాలన్నింటిలోనూ ఇంచుమించు ఇదే అమరిక. ఇంట్లోంచి తెచ్చుకున్న మామూలు కుర్చీలు ఇసుకలో వేసుకుని కూర్చున్న స్త్రీలు, గాలికి ఎగిరే పెద్ద పెద్ద పరికిణీలు, తెల్లని గొడుగులు, నల్ల కోట్ల పురుషులు, కాళ్ళ దగ్గర ఆడుకునే పిల్లలు, ఒకటో రెండో కుక్కలు, దూరంగా బట్టలు మార్చుకునే చక్రాల గదులు. దగ్గరకు వెళ్ళి చూస్తే ముఖాలు కనిపించవు. ముఖం ఉండవలసినచోట ఒక చుక్క, చెయ్యి ఉండవలసినచోట ఒక గీత. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఆ చుక్కలే మనుషులై కబుర్లు చెప్పుకుంటారు. ఎవరు అలసిపోయారో, ఎవరు చలికి శాలువ దగ్గరగా లాక్కున్నారో కూర్చున్న తీరునుబట్టే తెలుస్తుంది. ఎవరిమీద ఎంత వెలుగు పడాలో నిర్ణయించేది మాత్రం పైనున్న ఆకాశమే. మహారాణి అయినా, ఆయా అయినా అందరూ దానికింద సమానమే.

మనసులో మథనం

ఈ చిత్రాలు గీస్తున్నంతకాలం బూడిన్ మనసు నిలకడగా ఉందని చెప్పలేము. జాలరుల మధ్య పుట్టి, తాళ్ళు లాగి పెరిగిన మనిషి షోకిలా జనాన్ని గీస్తూ కూర్చోవడమేమిటని ఆయనకే అనిపించేది. 1867లో భార్య స్వస్థలమైన బ్రిటనీలో పేద పల్లెలు చూసి ట్రూవిల్‌కు తిరిగివచ్చినప్పుడు ఆ ఒడ్డున కులాసాగా తిరిగే సోమరి శ్రీమంతులను చూసి ఏవగింపు కలిగిందని, వారిని చిత్రిస్తున్నందుకు సిగ్గుగా ఉందని ఒక మిత్రునికి లేఖ రాశారు.

ఏడాది గడిచాక అదే మిత్రునికి మరో లేఖ రాశారు. అది చాలా ఆలోచించి రాసిన లేఖ. రైతులను చిత్రించడానికి ఎందరో ఉన్నారు, మంచిదే. కాని సాయంకాలం సూర్యాస్తమయంవైపు నడిచిపోయే ఈ మధ్యతరగతి మనుషులకు మాత్రం చిత్రంలో చోటుండే హక్కు లేదా అని అందులో ప్రశ్నించారు. వారిలో పనిలేని డాబుసరి మనుషులు ఉంటే ఉండవచ్చు. కాని ఎన్నో నెలలు కచేరీ గదుల్లో, కాగితాల మధ్య కష్టపడి కాస్త విశ్రాంతికి వచ్చినవారూ ఉన్నారు, తమవంతు పని పూర్తిచేసినవారూ ఉన్నారు అన్నది ఆయన వాదన సారాంశం.

తమవంతు పని పూర్తిచేసినవారు. పెన్షనర్లమైన మనం ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగవలసిందే. జీవితమంతా బల్లముందు కూర్చుని ఇతరుల లెక్కలు సరిచూసినవారు ఒక సాయంకాలం వెలుగులో ఊరికే కూర్చుంటే దానిలో సిగ్గుపడవలసిందేమీ లేదని, ఆ దృశ్యానికీ గౌరవం ఉన్నదని నూట యాభై ఏళ్ళ కిందట ఒక చిత్రకారుడు నిర్ణయించుకున్నారు. నిర్ణయించుకుని ఆ వెలుగును వారిమీద పడనిచ్చారు.

రంగులో చిక్కిన ఇసుక

1870 వేసవిలో గురుశిష్యులు మళ్ళీ ట్రూవిల్‌లో కలుసుకున్నారు. మోనే జూన్ 28న కమీల్‌ను పెళ్ళాడి, భార్యతో, చిన్న కొడుకుతో అక్కడికి వచ్చారు. బూడిన్ దంపతులు కూడా వచ్చారు. పగలంతా ఇద్దరు చిత్రకారులూ ఒడ్డునే పనిచేసేవారు.

అప్పుడు మోనే గీసిన ట్రూవిల్ తీరం అనే చిన్న చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎడమవైపు తెల్లని దుస్తుల్లో గొడుగు పట్టుకున్న కమీల్, కుడివైపు నల్లని దుస్తుల్లో మరొక స్త్రీ, మధ్య ఒక ఖాళీ కుర్చీ. ఆ రెండవ స్త్రీ బూడిన్ భార్య కావచ్చునని కళాచరిత్రకారుల అభిప్రాయం. ఈ చిత్రపు రంగులలో నిజమైన ఇసుక రేణువులు చిక్కుకుని ఉన్నాయి. ఆరుబయట, గాలిలో గీశారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. గురువు పాఠం శిష్యుని రంగులోనే అతుక్కుపోయింది.

అయితే ఆ రెండు చిత్రాలకు తేడా ఉంది. బూడిన్ దూరంగా నిలబడి జనాన్నంతా చూశారు. మోనే దగ్గరకు వెళ్ళి ఇద్దరినే చూశారు, కుంచెను ఇంకా తెగించి వాడారు. శిష్యుడు గురువును దాటిపోవడం ఆ వేసవిలోనే కనిపిస్తుంది. గురువు అడ్డుపడలేదు, చిన్నబుచ్చుకోలేదు.

జూలై 19న ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం మొదలైంది. వేసవి జనం చెదిరిపోయారు. మోనే లండన్ చేరారు, బూడిన్ బెల్జియం వెళ్ళారు. పాత చక్రవర్తి ప్రభుత్వం కూలిపోయింది. యుద్ధం తరువాత బూడిన్ మళ్ళీ ఎక్కువగా రేవులవైపు, ఓడలవైపు, చాకిరేవుల స్త్రీలవైపు మళ్ళారు.

1874 ప్రదర్శన

సలాన్ న్యాయనిర్ణేతలు మాటిమాటికీ తిరస్కరిస్తున్నందువల్ల మోనే, రెన్వా, పిస్సారో, దెగా మొదలైనవారు సొంతంగా ప్రదర్శన పెట్టుకోవాలని నిశ్చయించారు. 1874 ఏప్రిల్ 15న పారిస్‌లో నదార్ అనే ఫొటోగ్రాఫరు ఖాళీచేసిన స్టూడియోలో అది ప్రారంభమైంది. సుమారు 30 మంది పాల్గొన్నారు. యాభై ఏళ్ళకు దగ్గరపడిన బూడిన్ తన శిష్యుని తరంవారితో కలిసి అక్కడ తన చిత్రాలను ఉంచారు. తనకు అప్పటికే సలాన్‌లో స్థానం ఉంది కనుక ఈ తిరుగుబాటువల్ల ఆయనకు వచ్చే లాభం లేదు, మాట పడే ప్రమాదం ఉంది.

మాట పడనే పడ్డారు. మోనే లె హావ్ర్ రేవులో సూర్యోదయాన్ని గీసి దానికి ఇంప్రెషన్ అని పేరు పెట్టారు. మనసుమీద పడిన ముద్ర అని అర్థం. లూయీ లెర్వా అనే విలేఖరి దానిని పట్టుకుని వీరందరికీ ఇంప్రెషనిస్టులు అని ఎగతాళి పేరు తగిలించాడు. ఆ ఎగతాళే తరువాత కిరీటమైంది. ఆ చిత్రంలో ఉన్నది బూడిన్ ఫ్రేముల కొట్టు నడిపిన ఊరి రేవే కావడం గమనించదగినది.

ఆ బృందం 1886 వరకు మొత్తం ఎనిమిది ప్రదర్శనలు జరిపింది. బూడిన్ మొదటిదానిలో మాత్రమే పాల్గొన్నారు. ఆయన సౌమ్యుడు, బిడియస్థుడు. వాదవివాదాలు ఆయనకు పడవు. అందుకే చరిత్రకారులు ఆయనను ఇంప్రెషనిస్టులకు ముందు నడిచినవానిగా చెబుతారు.

ఏభై ఎనిమిదో ఏట

1881 ఆయన జీవితంలో మలుపు. ఆ ఏడు సలాన్‌లో మూడవ తరగతి పతకం లభించింది. ఇంప్రెషనిస్టుల చిత్రాలు కొని వారిని నిలబెట్టిన వ్యాపారి పాల్ డ్యూరాన్ రుయెల్ ఆ ఏడే బూడిన్ చిత్రాలను కూడా పెద్దయెత్తున కొనసాగారు. 1883 ఫిబ్రవరిలో ఆయన తన కొత్త గ్యాలరీని బూడిన్ ఒక్కరి చిత్రాలతోనే ప్రారంభించారు. అప్పటికి బూడిన్ వయసు 58. మనలో చాలామంది పూలదండ వేయించుకుని, వీడ్కోలు సభలో మాట్లాడి ఇంటికి వచ్చిన వయసు. ఆయనకు అసలైన గుర్తింపు ఆ వయసులో మొదలైంది.

తరువాతి సంవత్సరాలలో డోవిల్‌లో సొంత ఇల్లు కట్టుకున్నారు. 1888లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయన గీసిన లె హావ్ర్ రేవు చిత్రాన్ని కొనుగోలు చేసింది. 1889 విశ్వ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. అయితే ఆ సంవత్సరమే భార్య మరణించారు. కష్టకాలమంతా తోడున్న మనిషి సుఖం వచ్చే వేళకు లేకపోవడం ఎంతటి వేదనో చెప్పనలవికాదు. 1892లో ప్రభుత్వం లెజియన్ ఆఫ్ ఆనర్ అనే గౌరవ బిరుదునిచ్చింది. 68 ఏళ్ళు. ఆయన పని ఆపలేదు. ఆరోగ్యం కోసం చలికాలంలో దక్షిణ ఫ్రాన్సు వెళ్ళేవారు, అక్కడి తీరాలు గీశారు. 1895లో ఇటలీలోని వెనిస్ నగరానికి వెళ్ళి అక్కడి నీటిని, ఆకాశాన్ని గీశారు. డెబ్బై దాటిన మనిషి కొత్త ఊరి వెలుగును విద్యార్థిలా నేర్చుకున్నారు.

కడసారి సముద్రం

1898లో జబ్బు ముదిరింది. ఆ సమయంలో ఆయన దక్షిణాన ఉన్నారు. ఇక ఎక్కువ రోజులు లేవని గ్రహించి తనను డోవిల్ తీసుకువెళ్ళమని కోరారు. తాను పుట్టి పెరిగిన ఆ ఉత్తర సముద్రాన్ని చూస్తూ కన్నుమూయాలన్నది ఆయన ఆఖరి కోరిక. అది నెరవేరింది. 1898 ఆగస్టు 8న, 74వ ఏట డోవిల్‌లో మరణించారు. పారిస్‌లో మోమార్త్ కొండమీదనున్న చిన్న శ్మశానవాటికలో ఖననం చేశారు. మరుసటి ఏడు పారిస్‌లో ఆయన చిత్రాలతో పెద్ద స్మారక ప్రదర్శన జరిపారు.

1900లో సోదరుడు లూయీ ఆయన స్టూడియోలో మిగిలిన రెండు వందలకు పైగా చిత్రాలను లె హావ్ర్ ప్రదర్శనశాలకు బహూకరించారు. ఒకప్పుడు ఇచ్చిన వేతనానికి తగిన పని రాలేదని నిరాశపడిన ఊరికే ఈ నిధి దక్కింది. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1944లో, బాంబు దాడులకు ఆ ఊరు నేలమట్టమైంది. 1961లో సముద్రానికి ఎదురుగా కొత్త ప్రదర్శనశాల కట్టారు. ఇప్పుడు ఆయన గీసిన ఆకాశాలు లోపల, అసలు ఆకాశం అద్దాలకు అవతల కనిపిస్తాయి. పుట్టిన ఊరు ఒన్‌ఫ్లూర్‌లో 1868లో ఏర్పడిన ప్రదర్శనశాలకు ఆయన పేరే పెట్టారు. ఆయన బ్రతికి ఉండగా దాని స్థాపనకు తోడ్పడినవారిలో ఆయనా ఒకరు.

శిష్యుడు మోనే 1926 వరకు జీవించి లోకప్రసిద్ధుడయ్యారు. పేరుప్రతిష్ఠలు వచ్చాక మొదటి గురువును మరచిపోయేవారు ఎందరో. మోనే మరువలేదు. తనకు చూడటం, అర్థం చేసుకోవడం నేర్పింది బూడినే అని ఆయన జీవించి ఉండగానే లేఖ రాశారు. తానే వృద్ధుడైన తరువాత కూడా తన విజయమంతా ఆయన పెట్టిన భిక్షేనని స్పష్టంగా చెప్పారు.

మొదట వేసుకున్న ప్రశ్నకు బూడిన్ జీవితంలో సమాధానం దొరుకుతుంది. ఆయన శిష్యుణ్ణి తయారుచేసి తన పని మానుకోలేదు. శిష్యుడు దాటిపోయాడని తన పనిని చిన్నచూపు చూడలేదు. తనకు తెలిసిన ఆకాశాన్ని, తనకు తెలిసిన ఒడ్డును చివరిదాకా శ్రద్ధగా చూశారు. మన మనుమలు, మనుమరాళ్ళు బొమ్మలు గీస్తుంటే చదువు పాడవుతుందని కసురుకోకుండా, ఒక సాయంకాలం వారిని డాబామీదకు తీసుకువెళ్ళి మబ్బు రంగు ఎలా మారుతున్నదో చూపిద్దాం. ఆ పిల్లలలో మోనే ఉన్నాడో లేడో మనకు తెలియదు. బూడిన్‌కు కూడా ఆనాడు తెలియదు.